కిరాయి గడప మీద కులం

గృహప్రవేశమైన మూడో రోజున మా ఇంటి గేటుకు నేనే స్వయంగా 'టులెట్' బోర్డు కట్టాను. వనపర్తి పట్టణంలో, పెబ్బేరు రోడ్డు వైపు, 240 గజాల స్థలంలో కట్టిన మూడంతస్తుల ఇల్లది. కింద ఒక పోర్షన్‌లో మేముంటాం. దాని పక్కనున్నది ఒకటి, పై రెండంతస్తుల్లో రెండేసి, మొత్తం ఐదు పోర్షన్లు కిరాయికి. బ్యాంకు కిస్తు నెలకు 38 వేలు. పోర్షన్‌కు 6,500 చొప్పున ఐదూ నిండితే 32,500 వస్తుంది, మిగిలింది జీతంలోంచి కట్టుకోవచ్చన్నది మా లెక్క. ఆ లెక్కలో కులానికి గడి లేదు. ఇరవై ఆరేళ్లు కిరాయి ఇళ్లలో బతికిన మాదిగ టీచరుకు ఆ గడి గుర్తు రాకపోవడం ఏమిటని పాఠకులు అడగవచ్చు. యజమానిని అయిన తర్వాత ఆ ప్రశ్న ఇక నన్ను అడగరనుకున్నాను. నేను ఎవరినైనా అడుగుతానని అసలే అనుకోలేదు.

రెండు వారాలు దాటినా ఎవరూ అడ్వాన్స్ ఇవ్వలేదు. వచ్చేవారు, చూసేవారు, నీళ్లు బాగున్నాయనేవారు, మీటర్లు వేరువేరుగా ఉన్నాయని సంతోషించేవారు, ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తామని వెళ్లిపోయేవారు. ఇళ్లు చూపించే బ్రోకరు ఒక సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. "సార్, ఒక మాట చెప్తే ఏమనుకోరు గదా. వరండల ఆ ఫొటో తీసి లోపలి గోడకు పెట్టుకోండి. ఇల్లు చూడనీకి వచ్చినోళ్లు మెట్లు ఎక్కకముందే దాన్ని చూస్తున్నరు" అన్నాడు. అది అంబేడ్కర్ ఫొటో. అతను చెడ్డవాడు కాదు. నా బేరం కుదరాలని కోరుకున్నవాడే. "ఓనర్ సారు హైదరాబాద్‌ల ఉంటడని చెప్తా, మీరు రెండు రోజులు కనపడకుండ్రి" అని కూడా సలహా ఇచ్చాడు. సొంత ఇంట్లో దాక్కోవడమనే ఆలోచన ఎంత విడ్డూరమైనదో అతనికి తోచలేదు. నాకు మాత్రం అది కొత్తది కాదు. నేను అంతకుముందు ఇతరుల ఇళ్లలో దాక్కుని బతికినవాడినే.

మాది అలంపూర్ వైపు కృష్ణ ఒడ్డు పల్లె. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన ఊళ్లలో మాదొకటి. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. భూమి ఉన్నవారికి భూమికి పరిహారం వచ్చింది. మాకు మునిగింది ఒక గుడిసె, దాని ముందు వేపచెట్టు. ఊరు గట్టు మీదికి మారినప్పుడు కొత్త ప్లాట్లు గీశారు. పాత ఊళ్లో మా వాడ ఏ దిక్కున ఉండేదో కొత్త ఊళ్లోనూ అదే దిక్కున, ఊరికి అంతే దూరంలో గీశారు. ఊరంతా నీళ్లలో కలిసినా వాడకూ ఊరికీ మధ్య ఉన్న ఆ కాస్త ఖాళీ జాగా మాత్రం మునగలేదు. మా నాయన ఆ తర్వాత పాలమూరు కూలీల్లో ఒకడై డ్యాములకూ కాలువలకూ మట్టి మోశాడు. బొంబాయి, పుణే అపార్టుమెంట్లకు ఇటుకలు మోశాడు. ఎన్ని వందల ఇళ్ల గోడలు ఆయన భుజం మీదుగా పైకి లేచాయో లెక్క లేదు. ఇల్లు పూర్తయి తలుపులు బిగించాక మేస్త్రీ వారిని లోపలికి రానిచ్చేవాడు కాదని మాత్రం చెప్పేవాడు.

గద్వాలలో నేను చదువుకున్నది కోటలోని కళాశాలలో. ఉండింది ఎస్సీ హాస్టల్‌లో. కాబట్టి ఆ ఊళ్లో కిరాయి గది కోసం ఎవరి తలుపూ కొట్టలేదు. హాస్టల్ అన్నం గురించి ఎన్నైనా చెప్పవచ్చుగానీ, అక్కడ ఎవరూ నన్ను నీ కులమేమిటని అడగలేదు. అందరికీ తెలుసు గనుక అడగవలసిన పని లేదు. సంస్థానం పోయిన కోటలో మేం చదువుకోగలిగాం. ఆ కోట చుట్టూ ఉన్న వీధుల్లో మాత్రం మాలో ఎవరికీ గది దొరికిన జ్ఞాపకం లేదు.

1998 డీఎస్సీలో ఉద్యోగం వచ్చి నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లెకు వేశాక నాకు అసలు చదువు మొదలైంది. పట్టణంలో ఒక గది చూసుకోవాలి. కులాన్ని నేరుగా అడిగేవారు అప్పట్లోనూ కొందరే. ఎక్కువమంది దగ్గర, అడగకుండా తెలుసుకునే విద్య ఉండేది. మొదట ఊరడుగుతారు. ఊరు చెబితే ఆ ఊళ్లో తమకు తెలిసిన పటేలు పేరు చెప్పి ఆయన మీకేమవుతారంటారు. తర్వాత ఇంటిపేరు. ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉండేదైతే మీ ఇల్లు ఊళ్లో ఏ దిక్కున, ఏ గుడి దగ్గరంటారు. ఆదివారం ఎక్కడికి పోతారంటారు. పెద్దకూర మాట నోటితో అనకుండా "మేం అన్ని వండుకోనియ్యం సారూ" అంటారు. ఇవన్నీ దాటినవాడికి చివరి పరీక్ష, నెలాఖరున చూడటానికి వచ్చే చుట్టాలు. ఇప్పుడైతే ఈ పనంతా ఆధార్ కార్డు జిరాక్సు ఒక్కటే చేసిపెడుతోంది. తండ్రి పేరు చూస్తే చాలు. మా నాయన తరం పేర్లను ఊరు పెట్టింది, వాళ్లు పెట్టుకోలేదు.

నేను అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి సగం జవాబు చెప్పి, మిగిలిన సగం వాళ్లే ఊహించుకునేలా ఊరుకున్నాను. గది దొరికింది. ఇంటావిడ మంచి మనిషి. ఎండాకాలం మజ్జిగ పంపేది. తమ పిల్లవాడికి లెక్కలు చెప్పమనేది. మూడు నెలల తర్వాత మా నాయన నన్ను చూడటానికి వచ్చాడు. నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన గేటు బయట, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎండలో నిలబడి ఉన్నాడు. ఇంటాయన లోపలినుంచి "ఎవరు కావాలె?" అని అడిగితే "దండం పటేలా, మా పిలగాడు ఈడ ఉంటడట" అన్నాడట. ఇంటిపేరు, ఊరు, గుడి ఏదీ బయటపెట్టని రహస్యాన్ని మా నాయన నడుము వంపు ఒక్క క్షణంలో బయటపెట్టింది. ఆ ఇంటివారు నన్ను ఒక్క మాట అనలేదు. మజ్జిగ ఆగిపోయింది. వారం తర్వాత ఆవిడ, "మా అల్లుడు బదిలీ మీద ఈడికే వస్తుండు సారూ, రూము కావాల్నట" అంది. అల్లుడు రాలేదని తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు ఆ ఇంటివారి మీదకంటే మా నాయన మీద ఎక్కువ కోపం వచ్చిందన్న సంగతి రాయకుండా దాటేస్తే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోవచ్చు కదా అని ఆయన మీద అరిచాను. ఆయన ఇప్పుడు లేడు. ఈ ఇంట్లో ఆయనకు కుర్చీ వేయలేకపోయాను.

అంబేడ్కర్ బరోడా అనుభవాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు నాగర్‌కర్నూల్ గేటు కళ్లముందుకు వచ్చింది. 1917లో, కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివి వచ్చిన మనిషి బరోడా సంస్థానంలో పెద్ద ఉద్యోగంలో చేరి, ఉండటానికి గది దొరక్క, ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగాడు. పదకొండో రోజున పది పన్నెండు మంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఊళ్లో ఉన్న ఇద్దరు స్నేహితులను, ఒక హిందువును, ఒక క్రైస్తవుణ్ని ఆశ్రయమడిగితే ఇద్దరూ ఏదో ఒక వంక చెప్పారు. సాయంత్రం వరకు తోటలో కూర్చుని రాత్రి రైలెక్కి బొంబాయికి తిరిగి వెళ్లిపోయాడు. దేశం ఆ రోజు ఏం పోగొట్టుకుందో చెప్పడానికి చాలామంది ఈ కథ ఎత్తుతారు. నన్ను ఆపింది వేరే వివరం. అంతటి చదువరి కూడా తలదాచుకోవడానికి ఇంకొకరి పేరు తగిలించుకోవలసి వచ్చింది.

వందేళ్లలో పద్ధతులు మారాయి గానీ ఫలితం పెద్దగా మారలేదని చెప్పడానికి మన దగ్గర పరిశోధన కూడా ఉంది. సుఖదేవ్ థొరాట్ బృందం ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో ఒకే రకం చదువు, ఒకే రకం ఉద్యోగం ఉన్న మనుషులను వేర్వేరు పేర్లతో కిరాయి ఇళ్లు అడగమని పంపింది. దళిత పేరుకూ ముస్లిం పేరుకూ తలుపులు మూసుకోవడమో, ఎక్కువ షరతులతో తెరుచుకోవడమో జరిగిందని 2015లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో రాశారు. మన జిల్లాల్లో అలాంటి సర్వే ఎవరైనా చేస్తే బాగుండును. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ, 2024లో గద్వాలకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఉద్యోగులు, విద్యార్థులు, నర్సులు, కాంట్రాక్టు సిబ్బంది ఒక్కసారిగా ఈ మూడు చిన్న పట్టణాల మీదికి వచ్చారు. రిజర్వేషన్ ఉన్న ప్రతి కార్యాలయానికీ మా పిల్లలు కొందరు వచ్చారు. ఉద్యోగానికి రోస్టర్ ఉంది. ఆ ఉద్యోగి రాత్రి పడుకునే గదికి లేదు.

నేను వనపర్తికి వచ్చింది కూడా ఆ కదలికలోనే. 2021 డిసెంబరు నాటి 317 జీవో ప్రకారం టీచర్లను కొత్త జిల్లాలకు పంచినప్పుడు, నా పేరు నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి జాబితాలోకి మారింది. నలభై తొమ్మిదేళ్ల వయసులో, హెడ్మాస్టరు హోదాలో, మళ్లీ ఊరు, ఇంటిపేరు, గుడి పరీక్షలు రాశాను. ఈసారి సగం జవాబులు చెప్పలేదు. అడిగిన ప్రతి చోటా "మాదిగలం" అని ముందే చెప్పాను. పదకొండో ఇల్లు దొరికింది. ఆ రాత్రే నాగర్‌కర్నూల్‌లో కొనుక్కున్న ప్లాటు అమ్మేసి ఇక్కడ కట్టాలని నిర్ణయించుకున్నాం. ఒక ఇల్లు కాదు, నాలుగు కుటుంబాలకు చోటుండేలా కట్టాలన్నది నా భార్య మాట. మాలాంటివాళ్లు వెతుక్కుంటూ వస్తే లేదనకుండా ఇద్దాం అంది.

ఇల్లు చివరికి నిండిన తీరు చెబుతాను. ఫొటో తీయలేదు. బోర్డు కింద నా పేరు, హోదా పూర్తిగా రాయించాను. పక్క పోర్షన్‌లోకి మెకానిక్ షెడ్డు నడిపే ముస్లిం కుటుంబం వచ్చింది. వాళ్లకు అప్పటికే ఏడు చోట్ల లేదన్నారట. మొదటి అంతస్తులో మా కులంవాడే అయిన ఒక కానిస్టేబుల్ కుటుంబం, ఇంకో పోర్షన్‌లో బీసీ కులానికి చెందిన వ్యవసాయ విస్తరణాధికారి. రెండో అంతస్తు ముందు భాగంలో అచ్చంపేట వైపు తండా నుంచి వచ్చిన ఇద్దరు వైద్య విద్యార్థినులు. ఎదురు వరుసలో ఇదే కొలతల పోర్షన్ 7,500కు పోతోంది. మాకు 6,500 మించి ఎవరూ ఇవ్వలేదు. అంటే కులం నా దగ్గర పోర్షన్‌కు నెలకు వెయ్యి రూపాయల పన్ను వసూలు చేస్తోంది. కిరాయిదారుగా ఉన్నప్పుడు ఎక్కువ ఇచ్చి ఉన్నాను, యజమానినయ్యాక తక్కువ తీసుకుంటున్నాను. ఎస్సీ కాలనీలో ఇల్లు కట్టుకున్న నా మిత్రులకు ఈ పన్ను ఇంకా ఎక్కువ. అక్కడికి బయటివారు కిరాయికి రారు. బ్యాంకు మేనేజరు లోపలికి వచ్చి చూడకుండానే విలువ తగ్గిస్తాడు. ఇల్లు ఉంటుంది, అది ఆస్తిగా పనిచేయదు. దళితులకు ఆస్తులు లేవనే మాట తరచు వింటాం. ఉన్న ఆస్తి కూడా చుట్టూ ఉన్న కులం ఒప్పుకుంటేనే ధర పలుకుతుందన్న సంగతి మీద చర్చ తక్కువ.

ఇంతవరకు రాసినది నా ఫిర్యాదు. ఇక్కడినుంచి నా మీద ఫిర్యాదు.

రెండో అంతస్తు వెనుక పోర్షన్ ఖాళీగా ఉంది. ఒక ఆదివారం ఉదయం ఒక యువతి తన భర్తతో వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ స్టాఫ్ నర్సు. భర్త ఆటో నడుపుతాడు. ఇల్లు చూశారు, నచ్చింది, అడ్వాన్స్ డబ్బు చేతిలో పట్టుకునే వచ్చారు. పేరు రాసుకుంటూ, కలం కాగితం మీద ఉండగానే, నేను అడిగాను. "మీరేమోళ్లమ్మా?"

ఎందుకడిగానో ఇప్పటికీ చెప్పలేను. నా చుట్టూ ఉన్న గాలిలోంచి ఆ మాట నా నోట్లోకి వచ్చింది. ఆమె మొహం ఏమీ మారలేదు. "ఎస్సీలమే సార్" అంది. నేను నవ్వాను. మనవాళ్లే అన్న సంతోషం. ఆ సంతోషంలో ఇంకో ప్రశ్న వేశాను. "ఎస్సీల్ల ఏది?" ఆమె భర్త వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు. "డక్కలోళ్లం సార్" అంది.

తెలియని పాఠకుల కోసం చెప్పాలి. డక్కలివారు మాదిగలను ఆశ్రయించి బతికిన కులం. మా జాంబ పురాణాన్ని, మా గోత్రాలను, మా మూలపురుషుల కథను తరతరాలుగా పటం పరిచి, కిన్నెర మీటి, మాకు చెప్పినవాళ్లు వాళ్లే. 2022లో పద్మశ్రీ అందుకున్న 12 మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. ఆ వార్త వచ్చిన రోజు మా టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో అందరం చప్పట్లు కొట్టాం. కానీ నా చిన్నప్పుడు డక్కలివారు ఏడాదికొకసారి మా వాడకు వస్తే వాడ బయట చెట్టు కిందే దిగేవారు. మా గడప ఎక్కేవారు కాదు. మా నాయనమ్మ వాళ్ల గుడ్డలోకి జొన్నలు పైనుంచి పోసేది. దోసిట్లోకి నీళ్లు చెంబు ఎత్తి పైనుంచి పోసేది. ఊళ్లో కాపువారింటి ముందు ఆమె కూడా అలాగే దోసిలి పట్టి తాగేదని నేను చూశాను. చెంబు ఎత్తే పద్ధతిని ఆమె అక్కడే నేర్చుకుంది.

ఆ ఆదివారం నేను కలం మూసి, "చూసి చెబుతానమ్మా, నంబరు ఇచ్చి పొండి" అన్నాను. ఇరవై ఆరేళ్లలో ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో, దాని అర్థం నాకు ఎంత బాగా తెలుసో ఆమెకు తెలిసి ఉండదు. దాని అర్థం ఆమెకూ తెలుసు. నంబరు ఇవ్వకుండానే వెళ్లబోయింది. భర్త వెనక్కి వచ్చి రాసి ఇచ్చాడు.

లోపల మా అమ్మ అంతా విన్నది. ఆమెకు డెబ్బై ఐదేళ్లు. "వాళ్లు మన గడప ఎక్కరు బిడ్డా" అంది. కాసేపాగి, "మనమే ఎక్కనియ్యలే" అంది. తర్వాత ఆమెకు ఇంకో సందేహం వచ్చింది. పల్లెలో గడప ఒక్కటే లెక్క. మేడ ఇంట్లో పైన, కింద అనే కొత్త లెక్క ఉంది. "రెండో అంతస్తంటే మన నెత్తి మీద కాపురం గదా" అంది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అదే సంగతి నా మనసులోనూ మెదిలింది.

ఎస్సీ వర్గీకరణ కోసం ముప్పయ్యేళ్లు ఊరేగింపుల్లో నడిచినవాణ్ని నేను. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు మిఠాయిలు పంచాను. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలవుతున్న చట్టం 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసింది. అత్యంత వెనుకబడిన కులాలు మొదటి గ్రూపులో, డక్కలి అందులోనే, వాటా ఒక శాతం. మాదిగలం రెండో గ్రూపులో, తొమ్మిది శాతం. మాకంటే ముందున్నవారు మా వాటా తిన్నారన్న వాదనను నేను ఎన్ని సభల్లో చెప్పానో! మాకంటే వెనకున్నవారు ఇంటి మెట్ల దగ్గర నిలబడితే నంబరు ఇచ్చి పొమ్మన్నాను.

చట్టం ఏమంటుందో చూడాలని ఆ రాత్రి పుస్తకం తీశాను. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం నన్ను పట్టుకోదు. ఆ చట్టం కింద నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. అంటరానితనం కారణంగా, ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడానికో, సంపాదించుకోవడానికో, అందులో ఉండటానికో అడ్డుపడేవారు ఎవరైనా సరే నేరస్థులే అంటుంది నాలుగో సెక్షన్. కనీసం నెల రోజులు, గరిష్ఠంగా ఆరు నెలల జైలు. బాధితులు ఎస్సీలైతే ఆ పని అంటరానితనంతోనే జరిగిందని కోర్టు భావించాలని పన్నెండో సెక్షన్ చెబుతుంది. కాదని రుజువు చేసుకోవలసింది నిందితుడే. ఎంత బలమైన వాక్యం! కానీ ఈ చట్టం ముందుకు పోవాలంటే ఎవరైనా 'లేదు' అనాలి. ఎవరూ లేదనరు. అల్లుడు వస్తున్నాడంటారు, చూసి చెబుతామంటారు.

పై చట్టం ఒక మాట అంటే పక్క తీర్పు ఇంకో మాట అంటుంది. అహ్మదాబాద్‌లోని పార్సీ సహకార గృహ నిర్మాణ సంఘం తమ స్థలాలు పార్సీలకే అమ్ముకోవాలన్న నియమం పెట్టుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం, నివాసాలకు రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోరాదని ఎంతో శ్రద్ధగా రాసింది. కులం అడగరాదని రాయలేదు. అమెరికాలో 1968 గృహ హక్కుల చట్టం జాతి, మతం చూసి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. అందులోనూ ఒక సందు ఉంచారు. యజమాని తాను కూడా ఉంటూ నాలుగుకు మించని కుటుంబాలకు చోటున్న ఇంటిని కిరాయికిస్తే ఆ చట్టంలోని చాలా నిబంధనలు వర్తించవు. మనిషి తన కప్పు కింద ఎవరుండాలో తేల్చుకునే స్వేచ్ఛ అని దానికి సమర్థన. మా ఊరి కిరాయి ఇళ్లన్నీ దాదాపు ఆ కొలతవే. ఇక మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరిలో ఉద్యోగాలతోపాటు ఇళ్ల విషయంలోనూ కుల వివక్షను నిషేధించింది. వనపర్తి మున్సిపాలిటీ అలాంటి తీర్మానం చేయడానికి ఎవరి అనుమతి కావాలో గానీ, 'శాకాహారులకు మాత్రమే' అని గేటుకు వేలాడే బోర్డు మీద పన్ను వేయడానికైనా పూనుకోవచ్చు. ఆ బోర్డు కూరగాయల గురించి కాదని ఊరంతటికీ తెలుసు.

మూడో రోజున ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం ఆమె భర్త మాట్లాడాడు. "ఇస్తరా సార్, మళ్ల తిప్పుకుంటరా?" అన్నాడు. ఇస్తానన్నాను. వచ్చారు. పదకొండు నెలల కాగితం రాసుకున్నాం. నేను క్షమాపణ చెప్పబోతే ఆమె ఆపింది. నైట్ డ్యూటీ ఉంది, సామాను దించుకోవాలి సార్ అంది.

రెండు వారాలు గడిచాక కానిస్టేబుల్ భార్య మా ఆవిడ దగ్గరికి వచ్చింది. మొదట మేడ మీద బట్టలారేసే తీగ గురించి, తర్వాత పైన నీళ్లు ఎక్కువ వాడుతున్నారని. చివరికి అసలు మాట. "సారు చదువుకున్నోడు, మీకు నడుస్తది. ఊరికి పోతే మాకు మాటొస్తది. వాళ్ల కింద ఉంటున్నమని అంటరు" అంది. నా భార్య ఆమెకు టీ ఇచ్చి, మీరు మా దగ్గరికి రాకముందు ఎన్ని చోట్ల అడిగారని మాత్రం అడిగింది. ఆమె తొమ్మిది అంది. నెలాఖరుకు ఖాళీ చేశారు. వెళ్లేటప్పుడు కానిస్టేబుల్ తలెత్తి మాట్లాడలేదు. అతని మీద నాకు కోపం లేదు. మూడు రోజులపాటు నేనూ అతనే.

ఇప్పటికి నాలుగు నెలలు. కిస్తుకు 6,500 తక్కువ పడుతోంది, జీపీఎఫ్‌లోంచి తీస్తున్నాను. నర్సు కుటుంబం ప్రతి నెలా రెండో తారీఖున కిరాయి తెచ్చి ఇస్తుంది. ఆ అమ్మాయి గడప బయటే నిలబడి చెయ్యి చాపి ఇస్తుంది. లోపలికి రమ్మని ప్రతిసారీ అంటాను, డ్యూటీకి పొద్దుపోతున్నదంటుంది. ఒకసారి మా అమ్మకు బీపీ పెరిగి కళ్లు తిరిగితే ఆమె పరుగున కిందికి దిగి వచ్చింది. గడప దాటింది, అమ్మ చేయి పట్టుకుని పట్టీ కట్టి బీపీ చూసింది, మాత్ర వేసింది. అమ్మ ఆమె చేతి నీళ్లతోనే మాత్ర మింగింది. మర్నాడు మాత్రం ఆమె పంపిన అరిసెలు అమ్మ తినలేదు. షుగరు అంది. అమ్మకు షుగరు లేదు.

నిన్న మధ్యాహ్నం బడిలో ఉండగా ఫోన్ వచ్చింది. మొదటి అంతస్తు పోర్షన్ కావాలన్నారు. బ్యాంకు ఉద్యోగి, భార్య, ఇద్దరు పిల్లలు. కిరాయి ఒప్పుకున్నారు, 7,000 అయినా ఇస్తామన్నారు. చివర్లో ఆయన గొంతు కాస్త తగ్గించి, "సార్, ఏమనుకోవద్దు, పైనా కిందా ఎవరెవరుంటున్నారు?" అని అడిగారు. వరుసగా చెప్పాను. కింద మేము, మాదిగలం. పక్కన ముస్లింలు. మీ పక్కన చాకలివారి అబ్బాయి. పైన ముందు లంబాడీ పిల్లలు. మీకు సరిగ్గా పైన డక్కలివారు. ఇంట్లో అడిగి సాయంత్రం ఫోన్ చేస్తామన్నారు.

ఈ వ్యాసం రాసే సమయానికి చేయలేదు. బోర్డు గేటుకు అలాగే ఉంది.